రెండో చుక్క

దుమ్ముగారు కిటికీ రెక్క తీసి, దుర్బిణి కింది పలకకు తెల్లకాగితం బిగించాడు. జానెడు వెడల్పున సూర్యబింబం దాని మీద పడింది. ముప్పై నాలుగేళ్లుగా ఆయన ఉద్యోగం ఇంతే: బింబం మీద మచ్చ ఉంటే పెన్సిలుతో చుక్క పెట్టడం, లేకపోతే సున్నా వేసి సంతకం చేయడం.

అసలు పేరు ఆఫీసు కాగితాల్లోనే మిగిలింది. పదకొండేళ్ల కిందట, కొత్త చక్రపు తొలి మచ్చ కనబడిందని ఊరంతా టాంటాం వేశాడు. తీరా చూస్తే కటకం మీది దుమ్ము. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికి ఎలుకైనా దక్కుతుంది. ఈయనకు దక్కింది ఆ దుమ్ము పేరే. అప్పట్నుంచి ఆఫీసులో ఒక నియమం కూడా వచ్చింది. తొలి మచ్చ మర్నాడూ కనబడి, సూర్యుడు తన చుట్టూ తాను తిరిగేకొద్దీ కాస్త జరిగితేనే లెక్క.

సూర్యుడి లోపల మరిగే ప్లాస్మా ప్రవాహాలు అయస్కాంతపు చిక్కుముళ్లు వేస్తుంటాయి. ముడి బిగిసినచోట పైన మచ్చ పడుతుంది. పదకొండేళ్లకోసారి ముళ్లన్నీ సడలి, మళ్లీ కొత్త చక్రం మొదలవుతుంది. ఇప్పుడు రెండు నెలలుగా అన్నీ సున్నాలే. రిటైర్మెంటు మూడు రోజుల్లో ఉంది. వెళ్లేలోగా ఒక్క నిజమైన తొలి మచ్చ చూడాలని ఆయన ఆశ.

"సూర్యుడి ముఖాన మచ్చలు వెతుకుతారుగానీ, మన గోడకు పట్టిన చెమ్మ కనపడదు మీకు," అని పొద్దున భార్య దెప్పింది.

"మూడ్రోజులు ఆగవే, తర్వాత గోడలే చూస్తా," అన్నాడు.

బింబం నడిమికి దూరంగా, పైభాగాన, ఆవగింజలో సగమంత నలుపు. కొత్త చక్రపు మచ్చలు అక్కడే పుడతాయి. ఆయన కాగితం మీదికి వంగాడు. కింది కటకాన్ని మెల్లగా తిప్పాడు. దుమ్మయితే దానితోపాటు తిరగాలి. తిరగలేదు. చుక్క పెట్టాడు.

"సార్, డైరెక్టరుగారికి ఫోన్ చెయ్యనా?" అంది సహాయకురాలు, ఆత్రం పట్టలేక.

"వద్దమ్మా. రేపు రెండో చుక్క పెట్టాక చెబుదాం. ఒకసారి నవ్వులపాలైంది చాలు."

రేపటి పెన్సిలు ఇవాళే చెక్కి పలక అంచున పెట్టడం ఆయన అలవాటు. చెక్కుతూ కూర్చుంటే మబ్బు ఆగదు కదా. ఆ సాయంత్రం మరీ సన్నగా చెక్కాడు. కుర్చీలో వెనక్కి వాలి, తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. తాళం వేయడానికి వచ్చిన సహాయకురాలు పిలిస్తే పలకలేదు. కునుకులోనే పోయాడు.

మర్నాడు ఆఫీసంతా ఆయన ఇంటి దగ్గరే ఉంది. సహాయకురాలు మాత్రం మొదట దుర్బిణి గదికి వచ్చి, కళ్లు తుడుచుకుంటూ నిన్నటి కాగితమే బిగించింది. మచ్చ ఉంది. బొటనవేలి వెడల్పున జరిగింది. ఆమె తన పెన్నుతోనే రెండో చుక్క పెట్టి, తొలిసారి చూసినవారి గడిలో ఆయన అసలు పేరు పూర్తిగా రాసింది. పెన్సిలు ముట్టుకోవడానికి చేతులు రాలేదు.

అది పలక అంచున, ఒక్క గీతా గీయని మొనతో అలాగే ఉంది.