బీరు చలవ కాదు

తిమోతిని కంటి ఆసుపత్రి నుంచి రెండోసారీ వెనక్కి పంపేశారు. శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. కానీ బీపీ నూట ఎనభై దగ్గర కూర్చుంది. తగ్గించుకుని రమ్మన్నారు.

మార్కాపురం పలకరాయి మీద ముప్ఫై ఏళ్ళు బతికినవాడు తిమోతి. రాతి అంచున వెంట్రుకంత గీత చూసుకుని, అక్కడ ఉలి పెట్టి, ఒక్క దెబ్బకు పొర విడదీసేవాడు. ఇప్పుడా గీత కనబడదు. పోయిన వారం పదకొండు రాళ్ళు ముక్కలు చేశాడు. మూడు నెలలు చూస్తాను, ఆ తర్వాత తట్టలు మోయాల్సిందే అని క్వారీ మేస్త్రీ మొహం మీదే చెప్పేశాడు.

మాత్రలు మింగుతూనే ఉన్నాడు. బ్రాందీ మానేశాడు. మరి ఈ బీపీ ఎందుకు దిగదు? బస్సు దిగి తిన్నగా ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి పోయి నర్సు సునీత మీద ఎగిరాడు.

"ఏందమ్మా నీ మాత్రలు? సున్నపు బిళ్ళలా?"

"బ్రాందీ మానినావు, సరే. ఇంకేం తాగుతుండావు చిన్నాయనా?"

"ఏం లేదు. బీరు. అదేం తాగుడులే! బీపీ అంటే వేడే గదా, బీరు చలవ చేస్తది."

"రోజుకెన్ని?"

"ఎండ ఎక్కువుంటే మూడు."

సునీత నవ్వలేదు. "ఐసులో పెట్టినారు కాబట్టి సీసా చల్లగుంది. లోపలుండేది బ్రాందీలో ఉండే మత్తే. పొద్దున మాత్రేసి బీపీని కిందికి లాగుతావు, సాయంత్రం మూడు బీర్లు పోసి పైకి తోస్తావు. ఇంగెట్ల దిగుతది?"

తిమోతికి ఒళ్ళు మండింది. సునీత మీద కాదు. బీరు చలవ అని ఎవడు పుట్టించాడో గానీ, ఎండలో రాయి కొట్టేవాళ్ళంతా నమ్మారు. బెల్టుషాపు వాడు ఐసుపెట్టె తెచ్చి సరిగ్గా క్వారీ దారిలోనే పెట్టాడు. ఇన్నాళ్ళూ తాను జబ్బు తగ్గాలని జబ్బునే కొనుక్కుని తాగాడు!

"ఈపొద్దే బంద్ చేస్తా."

"రోజూ తాగే ఒళ్ళు, ఒక్కసారే ఆపొద్దు. తగ్గించుకుంటా రా. చేతులు వణికినా, చెమటలు పట్టినా దాచిపెట్టొద్దు, నా దగ్గరికి రా. మాత్ర ఒక్కరోజు గూడా ఎగ్గొట్టొద్దు."

మూడు రెండయ్యాయి. రెండు ఒకటయ్యింది. ఆ తర్వాత కూలి ఇచ్చే శనివారం నాడు మాత్రమే ఒకటి.

బెల్టుషాపు ముందు తోటి పనివాడు అంకన్న అడ్డం తగిలాడు. "ఏం మామా, అత్త కొంగుకు కట్టేసుకునిందా? మజ్జిగ తాగే పిల్లోడివైపోతివే!"

"నాకు రాతిలో గీత కనబడాలరా. నీకు సీసా మీద బొమ్మ కనబడితే చాలు. తాగు పో."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. అంకన్న కూడా నవ్వాడు గానీ, సీసా మూత తీయడానికి కాసేపు పట్టింది.

ఏడు వారాలకు భార్య అరుణను వెంటబెట్టుకుని తిమోతి మళ్ళీ కంటి ఆసుపత్రి మెట్లెక్కాడు. అక్కడి నర్సు అతని చేతికి బీపీ పట్టీ చుడుతూ అడిగింది: "తాగుతారా?"

"శనివారానికి ఒక బీరు. దాచేదేముంది, రాసుకో."

పట్టీ బిగిసి, వదులయ్యింది. నూట ముప్ఫై ఆరు. కింది అంకె ఎనభై నాలుగు.

"లోపలికి రండి," అందామె.

అరుణ చెయ్యి పట్టుకుంది. "భయమైతుందా?"

"భయమేందే? మేస్త్రీకి ఫోన్ కొట్టు. నెల తర్వాత వస్తుండా, నా రాళ్ళ మీద ఎవడూ చెయ్యి పెట్టొద్దని చెప్పు."