వరహాలు చెప్పిన సాక్ష్యం

పోలిరాజు తెల్లచొక్కాకి వరహాలు మూడోసారి సబ్బు పెట్టింది. అతను హార్బరులో ఇనపరాయి ఓడలకెత్తే చోట కళాసీ. ఆ ఎర్రదుమ్ము మనిషి ఒంటిమీంచి పోతుందిగానీ గుడ్డమీంచి పోదు. పని బట్టలున్న దండెం మీద ఆరేస్తే చాలు, ఆదివారం చొక్కా కాలరు కూడా ఎర్రబడిపోతుంది.

"కాలరు బాగా రుద్దు. రేపు అందరి కళ్లూ మన మీదే ఉంటాయి" అన్నాడు పోలిరాజు మంచం మీంచి. "నువ్వు సెప్పాల్సింది గుర్తుందా? ఏదీ, ఓపాలి సెప్పు."

"నా పెనిమిటి సారా మానేసేడు. మా ఇల్లిప్పుడు సల్లగా ఉంది. దేవుడికి స్తోత్రం" అని అప్పజెప్పింది వరహాలు, రుద్దడం ఆపకుండా.

"గట్టిగా సెప్పాల. పిల్లి మూలిగినట్టు కాదు."

కంచరపాలెం రైలు గేటుకి అవతల, రేకుల షెడ్డులో వాళ్ల ప్రార్థన మందిరం. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా సంఘపెద్దగా నిలబెట్టాలంటే ముందు అతని భార్య లేచి అందరి ఎదుటా సాక్ష్యం చెప్పాలి. సొంత ఇల్లు సరిగా ఏలుకోలేనివాడు దేవుడి ఇంటినేం ఏలుతాడని పాస్టరు జ్ఞానప్రకాశంగారు అంటారు. పద్ధతి మంచిదే. ఆ సాక్ష్యాన్ని ముందురోజు మొగుడే అప్పజెప్పించుకుంటాడని మాత్రం ఆయనకి తట్టలేదు, పాపం.

నిజానికి ఆ మందిరానికి మొదట వెళ్లింది వరహాలే. భక్తి కోసమని కూడా కాదు. అక్కడ చాప మీద రెండు గంటలు కూర్చుంటే ఎవరూ నీళ్లడగరు, అన్నమడగరు. కూర్చోగా కూర్చోగా ఆ మాటలు చెవికెక్కాయి, తరవాత మనసుకెక్కాయి. రెండేళ్ల తరవాత పోలిరాజు వచ్చాడు. సారా మానేశాడు, అందులో అబద్ధం లేదు. మానేసిన దగ్గర్నించి ప్రతి ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం మొదలెట్టాడు. "లోకం నన్ను లాగింది సహోదరులారా! తాగొచ్చి సెంబుతో కొట్టి దీని పన్ను ఊడగొట్టేను!" అనేవాడు. మందిరమంతా "స్తోత్రం!" అనేది. ఆడవాళ్లంతా తలలు తిప్పి ఆమె నోటి వంక చూసేవారు. ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది. పన్ను పోయింది ఆమెకి, పేరొచ్చింది అతనికి. నవ్వినప్పుడు కూడా నోరు మూసుకోవడం అప్పట్నించే అలవాటైంది.

అతను చెప్పనిది ఒకటుంది. తాగినరోజుల్లో కొట్టి పొద్దున్నే ఏడిచేవాడు. ఇప్పుడు తెలివిమీదే కొట్టి, ఆమెకి అణకువ ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నాడు. మొన్న నీళ్లకి వెళ్లొచ్చేసరికి అన్నం మాడింది. చెంప మీద ఒకటిచ్చి, అక్కడే మోకాళ్లూని, "ప్రభువా, దీనికి బుద్దియ్యి" అన్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది వరహాలు పని. ఇదివరకు మొగుడొక్కడే కొట్టేవాడు. ఇప్పుడు దేవుణ్ణి కూడా తనవైపు నిలబెట్టుకున్నాడు.

అయినా ఆమె కూడా ఆ దేవుడికే చెప్పుకునేది. అతను పనికెళ్లాక, పొయ్యి దగ్గర బూడిదెత్తుతూ, తడిపొడి మాటల్లో. "ఇయాల ఇలాగైంది తండ్రీ, ఈ సెంప మీద." ఇంకెవరితోనూ అనని మాట ఆయనతో అనేది. తల్లి పోయింది, అత్తకి తెలిసినా తెలియనట్టే ఉండేది. ఇక వినేది ఆయనొక్కడే.

మరి రేపటి సాక్ష్యం? చెప్పేద్దామనే అనుకుంది. కారణం కొళాయి. సంఘపెద్దగా నిలబెట్టినవాళ్లకి మందిరం ఆవరణలో గది ఇస్తారు. ఆ గది గుమ్మం పక్కనే కొళాయి ఉంది. పెళ్లయి పన్నెండేళ్లు, రోజుకి ఎనిమిది బిందెలు, గేటు దాటి వీధి కొళాయి నించి. ఇనపరాయి గూడ్సు అడ్డమొస్తే నడుం మీద బిందెతో పెట్టెలన్నీ పోయేదాకా నిలబడాలి. మొన్న గది తుడవడానికి వెళ్లి ఆ కొళాయి తిప్పి చూసింది. దోసిట్లోకి నీళ్లు దూకాయి. ఒక్క చిన్న మాటకి ఇన్ని నీళ్లు! వరహాలుకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం పోలిరాజు చొక్కా మల్లెపువ్వులా ఉంది. చెంబు కథ చెప్పాడు. స్తోత్రాలయ్యాయి. పాస్టరుగారు చేయి చాచి, "సహోదరీ, నువ్వు చెప్పమ్మా" అన్నారు.

వరహాలు లేచింది. మాటలు నాలిక చివరే ఉన్నాయి. కొళాయి కూడా కళ్ల ముందే ఉంది. అంతలో పొయ్యి గుర్తొచ్చింది. ఇక్కడ ఈ మాట దేవుడి పేరు మీదే చెప్పి, రేపు ఆ బూడిద దగ్గర కూర్చుని "ఇయాల ఇలాగైంది తండ్రీ" అని ఏ మొహం పెట్టుకుని అనాలి? నీళ్లు గుమ్మంలోకొస్తాయి, చెప్పుకునే చోటు పోతుంది. ఎనిమిది బిందెలు మొయ్యగలదు. ఆయనతో మాట్లాడకుండా ఉండటం మాత్రం ఆమె వల్ల కాదు.

"నా పెనిమిటి సారా మానేసేడు" అంది గట్టిగా.

"స్తోత్రం!"

"సెయ్యి మానలేదు."

వెనక ఎవరో అలవాటుగా "స్తోత్రం" అనేసి నాలిక్కరుచుకున్నారు. తరవాత రేకుల మీద కాకి నడిచిన చప్పుడు వినపడింది.

"మొన్న బేస్తారం కూడా కొట్టేడు అయ్యగారూ. దేవుడి ముందర అబద్దం సెప్పలేను. నాకా గది వద్దు" అని కూర్చుంది.

తలలన్నీ తిరిగాయి. ఈసారి ఆమె నోటివైపు కాదు, పోలిరాజు చేతులవైపు. అతను వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బైబిలు కింద దాచుకున్నాడు. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "సంఘపెద్దగా నిలబెట్టడం ఇవాళ ఆపుదాం" అన్నారు చివరికి.

తిరిగొస్తుంటే గేటు పడింది. ఎర్రదుమ్ము రేపుతూ గూడ్సు పోతోంది. చుట్టూ మందిరం జనమే. పోలిరాజు పళ్లు కొరుకుతూ దగ్గరికొచ్చాడు.

"నా పరువు తీసేవు కదే!" అని చెయ్యెత్తాడు.

వరహాలు జరగలేదు.

"కొట్టు మావా" అంది మామూలుగా. "పై ఆదివారం కూడా సాచ్చికం ఉంది."

గూడ్సు పెట్టెలు పోతూనే ఉన్నాయి. ఎత్తిన చెయ్యి కాసేపు ఎక్కడికెళ్లాలో ఆలోచించుకుని, తెల్లటి కాలరు సర్దుకుని దిగింది. పక్కన నిలబడ్డ ముసలి గంగాలమ్మ కిసుక్కుమంది. వరహాలుకీ నవ్వాగలేదు. పన్నెండేళ్ల బరువు పక్కన దించినట్టు ప్రాణం హాయిగా ఉంది. గేటు లేచింది. వీధి కొళాయి వచ్చే వేళయింది, బిందెలు తీసుకురావాలి అనుకుంటూ ముందు నడిచింది. ఇంకా నవ్వుతూనే ఉంది, కొంగు భుజం మీదే ఉంది.