రవికాంత్ వేసిన అంకెలు

పంజాగుట్ట శ్మశానం దాటాక ఎడమవైపు తిరిగే సందులో మెకానిక్ భానుచందర్ షెడ్డు ఉంది. ఏడాదిగా హరిణి ఆ దారిన రాలేదు. ఖైరతాబాద్‌లో ఆఫీసుకి వెళ్లాలన్నా అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, ఆ వైపు చూడకుండా నిలబడేది. ఈ రోజు రాక తప్పలేదు. చనిపోయిన తన భర్త రవికాంత్ కారు ఆ షెడ్డులో, బండి కదలకుండా చక్రాలు మాత్రమే తిరిగే రోలర్ల మీదికెక్కింది.

అది పాత జపాను కారు. ఇంజనులో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటరు గిర్రున తిరుగుతుంది. ఆ మూలలకు సన్నని సీళ్లుంటాయి. టర్బో గాలిని దట్టించి లోపలికి తోస్తుంది. ఆ గాలికి తగినంత పెట్రోలు అందకపోతే మంట అదుపు తప్పి పేలుతుంది. మామూలు ఇంజను అలాంటి దెబ్బలు కొన్ని ఓర్చుకుంటుంది. దీనికి ఒక్కటి చాలు, సీలు విరిగి ఇంజనే పోతుంది.

అందుకే రవికాంత్ పెట్రోలు ఎప్పుడూ కాస్త ఎక్కువే ఇచ్చేవాడు. ఎంత గాలికి ఎంత పెట్రోలు వెళ్లాలో కారు కంప్యూటర్లోని పట్టికలో ప్రతి గడిలోనూ తనే అంకె వేశాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద అతను నడుపుతుంటే, హరిణి పక్కన కూర్చుని మీటరు చదివేది. ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలి అన్నదే ఆ లెక్క; అంకె పెరిగిందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. "పదకొండు... పదకొండు... పదకొండుంబావు." పన్నెండు అని వినబడితే చాలు, అతని కాలు దానంతటదే పైకి లేచేది. పెళ్లైన కొత్తలో వాళ్ల షికార్లన్నీ అవే.

తర్వాత మూడేళ్లు అతనికి జబ్బు. కారు సెల్లారులో కవరు కింద ఉండిపోయింది. పోయిన వానాకాలంలో అతను పోయాడు. మొన్న సంవత్సరీకం అయ్యాక, హరిణి భానుని ఇంటికి పిలిచి తాళాలు చేతిలో పెట్టింది.

"నేనే నడుపుతాను భానూ. చెయ్యాల్సినవన్నీ చెయ్యి. ఆయన వేసిన అంకెలు మాత్రం ముట్టుకోకు."

"అన్న లెక్కను ముట్టుకునేటోన్నా వదినా నేను?" అన్నాడతను. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాడు. ఇంజను పని మొత్తం రవికాంత్ దగ్గరే నేర్చుకున్నాడు.

ఇప్పుడు హరిణి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇంజను మొదలవగానే షెడ్డు రేకులు అదిరాయి. షెడ్డు వెనక మేడ మీది నుంచి భాను తల్లి కొమురమ్మ దిగి వచ్చింది.

"గిది కారా, పిండి గిర్నీనా కొడుకా?"

"అమ్మా, జర పైకి పోరాదే."

"పోత తీ. బిడ్డా, నువ్వే నడుపుతున్నవా? మంచిగ నడుపు. మీ ఆయన నడిపితే మా గిన్నెలన్ని కింద పడుతుండె."

హరిణికి నవ్వొచ్చింది.

భాను లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. "టర్బో ఒత్తిడి తక్కువనే పెట్టిన. మీటరు నేను చదువుత. ఆపు అనంగనే కాలు తియ్యాలె."

ఆమె యాక్సిలరేటరు నొక్కింది. ఇంజను గొంతు పైకి లేచింది.

"పదకొండు... పదకొండుంబావు... పదకొండున్నర..."

ఆ తర్వాత భాను నోరు మూతపడింది.

హరిణి వెంటనే కాలు తీసేసింది. రోలర్లు మెల్లగా ఆగాయి.

"ఎంత?"

"వదినా..."

"ఎంత భానూ?"

"పన్నెండు దాటింది." అతను స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు. "అన్నది తప్పు కాదు. గప్పటి పెట్రోలు వేరు. ఇప్పుడు ఎథనాల్ మస్తు కలుస్తున్నది. గంతే పోస్తే గాలికి సరిపోదు."

"ఈ సంగతి నీకు ముందే తెలుసు కదా?"

"తెలుసు. పాత లెక్కతోని ఏ బండి వచ్చినా, ముందుగాల పెట్రోలు పెంచినంకనే రోలర్ల మీదికి ఎక్కిస్త. గీ ఒక్కదానికే చెయ్యలే. చెయ్యి రాలే."

"నేను వద్దన్నాను కాబట్టి."

"నువ్వు అనకపోయినా చెయ్యకపోదును."

ముందర పెట్టిన పెద్ద ఫ్యాను హోరుమంటోంది. భాను అన్నాడు, "ఒత్తిడి ఎక్కకుండ మెల్లగ నడుపుకో వదినా. అంకెలు అట్లనే ఉంటయి. ఇంజనుకు ఫికర్ లేదు."

అది మంచి దారిలాగే కనిపించింది. అమీర్‌పేట ఇంట్లో ఆమె ఏదీ మార్చలేదు. గీజరు టైమరు అతను లేచే వేళకే ఉంది. రిమోటుకి అతను చుట్టిన రబ్బరు బ్యాండు అలాగే ఉంది. వాటి వల్ల ఎవరికీ నష్టం లేదు. ఇది అలాంటిది కాదు. ఎప్పుడో ఫ్లైఓవరు ఎక్కుతూ ఆమె కాలు ఒక్క క్షణం మరిచిపోతే, అతను అంత జాగ్రత్తగా కాపాడిన ఇంజను అతని అంకెల చేతిలోనే పోతుంది. అతని జాగ్రత్త కావాలా, అతని అంకెలు కావాలా? రెండూ ఇక కలిసి ఉండవు.

"మార్చు," అంది.

భాను వేలు మీటల మీదికి వెళ్లి ఆగింది. "నాతోని కాదు వదినా."

ఆమె లాప్‌టాప్ తన ఒళ్లోకి తీసుకుంది. "ఏ వరసలు?"

ఒత్తిడి పెరిగే వరసలు చూపించాడు. "నూటికి ఎనిమిది వంతులు పెంచు. ముందు ఎక్కువే ఉండాలె. తగ్గించుడు తర్వాత, జర జర. పాతది నా దగ్గర వేరేగ దాచిపెట్టిన."

"దాచు. కారులో మాత్రం వద్దు."

ఆమె మీట నొక్కింది. గడుల్లో అంకెలన్నీ ఒక్కసారి మారాయి. చప్పుడేమీ కాలేదు. ఆ సంగతి ఆమెకి కష్టంగా అనిపించింది.

రెండోసారి యాక్సిలరేటరు నొక్కినప్పుడు వెనక గొట్టం నుంచి నల్లగా పొగ వచ్చింది, పచ్చి పెట్రోలు వాసన వచ్చింది. భాను మధ్యలో ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివాడు. పదకొండుంబావు ఎక్కడా దాటలేదు.

"జర తగ్గిస్తే ఇంకా గుంజుతది వదినా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"వద్దు. గుంజకపోయినా ఫర్వాలేదు." హరిణి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుంది. "ఇంజను చల్లారనియ్యి. తర్వాత ఒత్తిడి కొంచెం పెంచి చూద్దాం. నువ్వు మాత్రం చదవడం ఆపకు."