ఎండుటాకుకి ఎత్తిన చేతులు

మా బావకి పక్షులంటే ప్రాణం. పక్షులకి మా బావంటే ప్రాణభయం. ఆయన ప్రేమ అలాంటిది. దూరం నుంచి మొదలవుతుంది, మీద పడేదాకా ఆగదు.

ఊరి నడిమధ్య పెద్ద పార్కు ఉంది. దాని వెనక భాగాన్ని ఎవరూ కత్తిరించకుండా అడవిలా వదిలేశారు. ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడ పక్షులు చూసే సంఘానికి బావ అధ్యక్షుడు. నేను పక్షాధ్యక్షుడంటాను. వృత్తిరీత్యా ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. పైకీ కిందికీ చూసీ చూసీ ఆ మెడ ఎలా తిప్పితే అలా తిరుగుతుంది. మా అక్క పళ్ళ డాక్టరు. వారమంతా "నోరు తెరవండి" అనే మనిషికి, నోరు మూసుకుని నడిచేవాళ్ళ మధ్య ఒక్క పూట గడపడం పెద్ద విశ్రాంతి. నాది బోర్డులు తయారుచేసే షాపు. నేను గుసగుసలాడినా ఒక చెట్టు ఖాళీ అయిపోతుంది కాబట్టి నన్ను వరసలో చివర నడిపిస్తారు.

సంఘంలో బావ పెట్టిన ఆచారం ఒకటుంది. ఎవరైనా పక్షిని చూపిస్తే, కనిపించినవాళ్ళు చెయ్యెత్తాలి. అందరి చేతులూ లేచేదాకా ఎవరూ అడుగు ముందుకు వెయ్యకూడదు. ఏ ఒక్కరూ చూడకుండా మిగిలిపోకూడదని ఆయన సదుద్దేశం. కానీ గేటు దగ్గర క్యాంటీన్‌లో వేడి టీ కాచుకుని ఉంటుంది. చెయ్యెత్తనివాడి వైపు మిగతావాళ్ళు చూసే చూపుకి, వాడికి పక్షి కనిపించకపోయినా చుక్కలు కనిపిస్తాయి. దాంతో అనతికాలంలోనే మా సంఘం చూపు అమాంతం మెరుగుపడింది. బావ "ఆ కొమ్మ వెనక" అనేలోపే చేతులు లేచేవి. ఒకసారి నేను ఆవులిస్తూ ఒళ్ళు విరుచుకుంటే, గద్దని రెండుసార్లు చూసినట్టు రాసుకున్నారు.

నిజంగా కనిపిస్తే తప్ప చెయ్యెత్తని మనిషి బావ ఒక్కడే. అబద్ధం ఆయన వల్ల కాదు. ఎవరైనా వస్తే నేను ఇంట్లో లేనని చెప్పమంటే, "లేనని చెప్పమన్నాడండీ" అని చెప్పే రకం.

ఒక ఎండాకాలం మొదట్లో మా అక్క నైట్‌జార్ అనే పిట్టని కనిపెట్టింది. నైట్ అంటే రాత్రి, జార్ అంటే జాడీ. పగలు మాత్రం దాని జాడే ఉండదు. రాత్రిళ్ళు ఎగిరి పురుగులు పట్టుకుని, పగలంతా ఎండుటాకుల మధ్య ఎండుటాకులా పడి ఉంటుంది. గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. అక్క బూటు లేస్ కట్టుకోవడానికి వంగితే, ఎదురుగా ఒక ఆకు కన్ను సగం తెరిచి చూసిందట. దాని కింద రెండు గుడ్లు.

అక్క ముందు బావకి మాత్రమే చూపించింది. అక్కడే తప్పు చేసింది. ఎవరి కాలి కిందా పడకుండా ఆ చోటు చుట్టూ ఎర్రతాడు కట్టించాడు బావ. "పక్షి పొదుగుతోంది, నిశ్శబ్దం" అని పెద్ద బోర్డు నాచేత చేయించాడు. నిశ్శబ్దం అనే మాటకి నా చేతుల్లోంచి రావాల్సిన ఖర్మ పట్టింది. బోర్డు లేనన్నాళ్ళూ అటు కుక్క కూడా పోలేదు. బోర్డు పెట్టాక ఊరంతా వచ్చింది. తోపులాట, ఫోటోలు, భుజాల మీద పిల్లలు. అంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే పిట్ట గుడ్లప్పగించి పారిపోయేది. ఎండ నేరుగా గుడ్ల మీద పడేది. పై కొమ్మ మీద ఒక కాకి వచ్చి కూర్చోవడం నేర్చుకుంది.

బోర్డు తీసెయ్యమని అక్క ఇంట్లో పోరు పెట్టింది. చూస్తేనే కదా జనం కాపాడుకునేది అని బావ వాదన. ఈయన కాపాడటం ఆపితే గానీ అవి బతకవని అక్క వాదన. బుధవారం క్లినిక్ తెరవకముందే నా షాపుకి వచ్చింది.

"ఒరేయ్, సుత్తి పట్టుకుని నాతో రా. పార్కు దాటేదాకా నోరు తెరిచావంటే, మత్తు ఇవ్వకుండా పీకుతాను."

తాడూ కర్రలూ బోర్డూ పీకి, దారి మలుపుకి అవతల సరిగ్గా అలాగే కనిపించే ఇంకో చెట్టు కిందికి మార్చేశాం. అక్కడ కూడా ఇక్కడిలాగే విరిగిన కొమ్మ ఉంది, కావలసినన్ని ఆకులున్నాయి. ఎవరైనా పట్టేస్తారేమో అన్నాను. జనం చోటు చూడరు, తాడు చూస్తారు అంది అక్క. మరి బావ? ఆకాశంలో ఏ పిట్ట ఏ దిక్కుకి పోతుందో చెప్పగలడు గానీ, నేల మీద తన కారు ఎక్కడ పెట్టాడో ఏనాడూ చెప్పలేకపోయాడు.

ఆదివారం వచ్చింది. బావ టెలిస్కోపు బిగించాడు. తాడు మధ్యలో మెలితిరిగిన ఆకు ఒకటి పడి ఉంది. ఆయన వేలు చూపించేలోపే చేతులు లేచాయి. బ్యాంకు మేనేజరుగారు తోక చూశారు. సంగీతం టీచరు అది ఊపిరి తీయడం విన్నారు. మా సంఘానికే గర్వకారణమైన కంటి డాక్టరు, అది కన్ను ఆర్పిందని ప్రకటించాడు. బావ మాత్రం టెలిస్కోపులో ముఖం పెట్టి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అందరి చేతులూ పైన, అధ్యక్షుడి చెయ్యి కింద. చివరికి ఆయనే "పదండి" అన్నాడు. నియమం తప్పడం అదే మొదటిసారి.

మరుసటి ఆదివారమూ అంతే. మలుపుకి ఇవతల అసలు పిట్ట హాయిగా గుడ్ల మీద కూర్చుంది. మలుపుకి అవతల జనం ఆకుని చూసి మురిసిపోయారు. పక్షి అంత కదలకుండా ఉండటం పెంపకంలోనే ఉందని కూడా ఎవరో అన్నారు. నాకు పొట్ట చెక్కలవుతుంటే చెట్టుకి ముఖం తిప్పి దగ్గాను.

ఆ నవ్వు బావ నా షాపుకి వచ్చేదాకానే. వచ్చి, కుర్చీలో కాకుండా రంగు డబ్బా మీద కూర్చున్నాడు.

"ఒరేయ్ బావమరిదీ, ఒక్కసారి హాస్యం పక్కన పెట్టు. నీకు కనిపిస్తోందా?"

నాకు కనిపిస్తున్నట్టే కనిపిస్తోందన్నాను. ఆయన తలూపాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. కళ్ళు భేషుగ్గా ఉన్నాయనీ, పిట్ట తనకి స్పష్టంగా కనిపించిందనీ, ఎందుకైనా మంచిది నిద్ర పొమ్మనీ ఆయన సలహా ఇచ్చాడట.

"అంతమందికి కనిపించేది నాకు కనిపించట్లేదంటే, రేపు లిఫ్టు తాడులో తెగిన పోగు కనిపిస్తుందని ఏం నమ్మకం? జనం ఎక్కుతార్రా అందులో. ఉద్యోగం మానేస్తానని మీ అక్కకి ఎలా చెప్పాలో తెలియట్లేదు."

ఆయన వెళ్ళగానే అక్కకి ఫోన్ చేశాను. అవతల ఎవరిదో పన్ను పీకడం మధ్యలో ఆగిపోయింది. గుడ్లు పిల్లలయ్యాయి రా, ఇంకా రెక్కలు రాలేదు, ఇప్పుడు సంగతి బయటపడితే మళ్ళీ జనం ఎగబడతారు అంది. తర్వాత, "మీ బావ కళ్ళ ముందు నా పిట్టలెంతలే" అంది.

సాయంత్రం ముగ్గురం పార్కుకి వెళ్ళాం. బోర్డు దగ్గర ఆగబోయిన బావని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది అక్క. మలుపుకి ఇవతల నిలబెట్టి, ఇప్పుడు చూడండి అంది. బావ చూశాడు. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక ఆకు సగం కన్ను తెరిచింది. దాని పొట్ట కిందనుంచి బూజు ముద్దలాంటిది ఒకటి తల బయటికి పెట్టింది. దాని వెనక ఇంకొకటి.

బావ చెయ్యి దానంతటదే లేచింది.

దించాక, అటున్న తాడు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను.

"అయితే అక్కడ వాళ్ళందరికీ ఏం కనిపించింది?" అన్నాడు.

"టీ" అంది అక్క.

బావ తిట్టలేదు. కానీ ఇంటిదాకా మాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఆదివారం అందరికీ నిజం చెప్పేస్తాడని అక్కకి తెలుసు. నాకూ తెలుసు. దాచమని అడగడానికి అక్కకి నోరు రాలేదు. తన కోసం ఆయన్ని మారిపొమ్మని అడిగినట్టుంటుందట.

ఆదివారం ఎన్నడూ లేనంత మంది వచ్చారు. బావ టెలిస్కోపు బిగించి, ఆకు మీదికి గురిపెట్టాడు. చేతులు లేచాయి. కంటి డాక్టరు బావ వైపు జాలిగా చూసి, ఇవాళ కూడా కనిపించలేదా అని అడిగాడు. అక్క నేల చూపులు చూస్తోంది. బావ టెలిస్కోపులోంచి ముఖం తీశాడు. చొక్కా గుండీ సర్దుకున్నాడు. ఆయన చెయ్యి, తుప్పుపట్టిన లిఫ్టులా ఆగి ఆగి పైకి లేచింది.

"స్పష్టంగా" అన్నాడు. "పదండి, టీ చల్లారిపోతుంది."

అందరూ గేటు వైపు కదిలారు. మలుపు దాటాక, అసలు పిట్టకీ జనానికీ మధ్య అడ్డంగా, టెలిస్కోపు భుజాన వేసుకుని బావ నడిచాడు.