కుదరకపోయినా ఆగని లెక్క

మా ఆయన టోర్‌స్టైన్ చేతిలో ఏదీ పాడవదు. అంత మంచి చెయ్యి. పాడైనవన్నీ పక్కవాళ్ళ చేతుల్లోనే పాడవుతాయి. కాఫీ మెషీను నా చేతిలో, గొడుగు మా బెర్గెన్ ఊరి గాలి చేతిలో, కారు అద్దం పక్కింటి గోడ చేతిలో. "తప్పు నాది" అన్న మాట ఆ నోట నేనింతవరకూ వినలేదు. మా అత్తగారు బోర్గిల్ద్ కూడా వినలేదట, అదేదో పెంపకం గొప్పదనమన్నట్టు చెబుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం యూనివర్సిటీలో ఆయన దగ్గర పరిశోధన చేసే తీరిల్ లాప్‌టాప్ పట్టుకుని వానలో వచ్చింది. ఆమె ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించాలో వద్దో మర్నాడు మీటింగులో ఆయన చెప్పాలి. నేను వాఫిల్స్ వేస్తున్నాను. రసాయనశాస్త్రం చదివినదాన్ని కదా, పిండీ పాలూ కొలతలు బాగా కుదురుతాయి.

"కంప్యూటర్ లెక్కకిచ్చే ఈ ఇన్‌పుట్ ఫైలు గ్రూపులో అందరికీ నడిచింది. నీ చేతిలోనే ఎందుకు ఆగిపోతోంది?" అన్నాడు ఆయన.

"మీరిచ్చినట్టే పెడితే చివరిదాకా నడుస్తోంది. కానీ వచ్చే అంకెలు ల్యాబ్‌లో కొలిచినవాటికి దగ్గరగా కూడా లేవు," అంది తీరిల్.

"అయితే కొలిచినవాళ్ళు సరిగ్గా కొలవలేదు."

నవ్వొచ్చింది, మింగేశాను. పళ్ళెం పెట్టడానికి వంగితే తెర మీద ఆ ఫైలు కనబడింది. మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు నేను కుస్తీ పట్టిన ఫైలే అది. అప్పుడు నేనూ ఆ గ్రూపులోనే, టోర్‌స్టైన్ సీనియర్. ఆయన ఇచ్చిన ఫైలు అందరం కాపీ చేసుకునేవాళ్ళం, అత్తగారి ఊరగాయ కొలతల్లా, ఎందుకని అడగకుండా. అందులో ఒక లైను నాకు అర్థంకాక తీసేశాను. లెక్క ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, తీశాను, ఏడ్చాను. "నీకు ఓపిక లేదు సూనివా, ఈ పని నీకు పడదు," అన్నాడు. నమ్మాను. పిల్లాడు పుట్టాక ఈ వాఫిల్ పెనం నా చేతికిస్తూ అత్తగారన్నది: "కుదిరినా కుదరకపోయినా ఇల్లు నడవాలి, గొణక్కూడదు." అదీ నమ్మాను.

"అమ్మాయ్, ఈ లైను తీసేశావా?" అన్నాను.

"తీసేస్తేనే ఆగిపోతోందండీ."

"ఆ లైను ఏం చెబుతుందో చూశావా?"

"చూశాను. ఎలక్ట్రాన్ల లెక్క కుదురుకోకపోయినా ఆగొద్దు, ముందుకు సాగు అని. అడగడానికే వచ్చాను. ఆయన చెప్పనివ్వలేదు."

లెక్క మా చేతుల్లో పాడవలేదు. కుదరడం లేదని నిజం చెప్పి ఆగింది. నేనే అప్పుడు ఆ నిజం వినకుండా పరిశోధన వదిలి లేచొచ్చేశాను.

"ఆ లైను ఎవరు పెట్టారు, టోర్‌స్టైన్?"

"ఎప్పటినుంచో ఉంది."

"దానంతట అది మొలిచిందా?"

"సూనివా, వాఫిల్ మాడుతోంది."

"మాడనీ."

ఆయన తీరిల్ వంక చూశాడు, తెర వంక చూశాడు. ఆ ఫైలుతో అచ్చయిన పేపర్లన్నీ ఆయన ముఖంలో ఒక్కొక్కటే కదిలాయి. నేను పెనం స్విచ్ ఆపలేదు. పొగ వాసన అందరికీ తగిలింది.

"అప్పుడు తొందరలో నేనే పెట్టాను," అన్నాడు. "తీయడం మరిచిపోయాను. తర్వాత… తీయడానికి భయమేసింది. తీరిల్, తప్పు నాది. రేపు మీటింగులోనూ అదే చెబుతాను."

తీరిల్ తల వంచుకుంది. నేను కదల్లేదు.

"ఆ మాట వినాల్సినవాళ్ళు ఇంకొకళ్ళున్నారు," అన్నాను.

ఆయన నా చేతిలోని గరిటె వంక చూశాడు.

"నీ లెక్క ఆగింది నీ వల్ల కాదు సూనివా. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తప్పు నాదే."