ఒకే చావు, నాలుగు వాక్యాలు

సాదో దీవిలో, ఆ చేపలరేవు పిల్లలందరికీ షిజునో ఇంటి ముందుగదే ఇంగ్లీషు ట్యూషను. పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "అతను చనిపోయి పదేళ్లయింది" అన్న ముక్కను నాలుగు రకాలుగా రాయాలి. పుస్తకాలు రాసిన మహానుభావులకు, కాలం గడిచిందని చూపించడానికి చావు తప్ప ఇంకేమీ దొరకలేదు కాబోలు.

"'హాజ్ డైడ్ ఫర్ టెన్ ఇయర్స్' అనకండర్రా," అంది షిజునో. "పదేళ్లూ చస్తూనే కూర్చోరుగా ఎవరూ. చావడం ఒక్కసారే, లేకుండా పోవడమే సాగుతుంది. కాబట్టి 'హాజ్ బీన్ డెడ్'. ఎప్పుడు పోయాడో చెప్పాలంటే 'డైడ్ టెన్ ఇయర్స్ అగో'. ఏదీ, అనండి."

పిల్లలు గొంతులెత్తి అన్నారు. కాగితపు తలుపు అవతల వంటింట్లో అత్తగారు తోమె, కొడుకు ఇసావోకి, అంటే షిజునో భర్తకి, అన్నం వడ్డిస్తోంది. అతను సముద్రంలోకి చేపలవేటకి వెళ్లి ఎనిమిదేళ్లు. పడవ ఖాళీగా దొరికింది, మనిషి దొరకలేదు. ఊరెళ్లినవాడు ఎక్కడున్నా ఆకలితో ఉండకూడదని అతని చోట పూటపూటా గిన్నె పెడుతుందావిడ.

కోర్టులో అర్జీ పెడితే పోయాడని ప్రకటిస్తారు. షిజునోకి కావలసింది అదే. ఫొటో పెట్టుకుని, అగరొత్తి వెలిగించి, తనివితీరా ఏడవాలి. కానీ ఆ ఊసెత్తితే చాలు, "బతికున్నవాడికి దినం చేస్తావా?" అని తోమె ఒంటికాలి మీద లేచేది. పిల్లలు వల్లించేదేమిటని ఆవిడ ఒకసారి అడిగితే, "ఓడ బయల్దేరడం గురించిలెండి" అని షిజునో బొంకింది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక షిజునో వంటింట్లోకి వచ్చి నిలబడిపోయింది. ఇసావో అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి ఉన్నాయి. పోయినవాళ్లకి తప్ప ఎవరికీ అలా గుచ్చరు.

"ఇలా ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు, నేనే," అంది తోమె, మొహం తిప్పకుండా. "నీ దగ్గర చదివే నగొమి మంచినీళ్లకొస్తే అడిగాను. ఆ ఓడేమిటే తల్లీ, రోజూ బయల్దేరుతూనే ఉంది అని. పిచ్చిపిల్ల, ఉన్నదున్నట్టు చెప్పేసింది."

"అది పుస్తకంలో ఉన్నది అత్తయ్యా."

"తెలుసులే. నోరెలా వస్తోందే నీకు అని తిడదామనుకున్నాను. నువ్వు నాలుగు రకాలుగా అంటున్నదాన్ని నేనూ ఒక్కసారి అందామని చూశాను. గొంతు దాటలేదు. అందుకని చేత్తో చేశాను." ఆవిడ ఎసరు గిన్నె మీద మూత సర్దింది. "రేపు కోర్టుకెళ్దాం. నేనూ వస్తాను."

ఇన్నేళ్లుగా కోరుకున్న మాట. అది విన్నాక గానీ షిజునోకి అసలు సంగతి తెలిసిరాలేదు. అత్త నమ్ముతూ వచ్చింది గనుక తను నమ్మనవసరం లేకపోయింది. ఆ ముసలావిడ మొండితనాన్ని ఆనుకునే ఇంతకాలం నిలబడింది. ఇసావో వస్తాడనే మనిషి ఇక ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆమె అత్త చేతులు రెండూ పట్టుకుంది.

"వద్దు అత్తయ్యా. ఇంకొక్క ఏడాది చూద్దాం."