పదహారు అడుగుల గీత

గూడ్సు బండి డోర్నకల్‌లో ఆగకుండా పోయేటప్పుడు ఇంజన్‌కు టోకెన్ అందించడం దానియేలు డ్యూటీ. పెద్ద బెత్తపు రింగు, దానికి కట్టిన తోలు సంచి, ఆ సంచిలో ఇనుప టోకెన్. అది చేతికి అందనిదే డ్రైవరు బండిని తరువాతి స్టేషన్‌కు నడపకూడదు. దానియేలు ప్లాట్‌ఫారం అంచున రింగు ఎత్తి పట్టుకుంటే, ఇంజన్ మీదినుంచి ఫైర్‌మన్ వంగి, అందులోకి మోచెయ్యి దూర్చి లాక్కుపోతాడు.

వారంలో మూడుసార్లు ఆ ఫైర్‌మన్ వెంకట్రాజం. రింగు లాక్కున్న ప్రతిసారీ పొగలోంచి ఒకే మాట విసిరేవాడు.

“జర గట్టిగ పట్టుకోరా, జారుడు చెయ్యి.”

ఆ పేరు పెట్టిందీ అతనే. 1945లో హనుమకొండ సుబేదారి మైదానంలో రిలే పరుగు. మూడో మనిషి వెంకట్రాజం, చివరి మనిషి దానియేలు. ఆ పరుగు చూసే కొలంబో పోటీల రిలేకు మనుషుల్ని ఎంచుతారు. దానియేలు వెనక్కి చాచిన అరచేతికి కర్ర తగిలింది. వేళ్లు మూసేలోపల వెంకట్రాజం వదిలేశాడు. కర్ర సున్నపు గీత మీద దొర్లింది. తరువాత ఎంపిక చేసే సార్లందరి ముందూ వెంకట్రాజం చేతులు దులుపుకుని చెప్పిన మాట దానియేలుకు ఇప్పటికీ చెవిలో ఉంది.

“నేనిచ్చిన. వాడే పట్టలే.”

కళ్లు కిందికి వేసుకుని చెప్పి ఉంటే పొరపాటే అనుకునేవాడేమో. వెంకట్రాజం నవ్వాడు. దానియేలు తనకంటే ముందు పేరు తెచ్చుకోవడం అతనికి గిట్టలేదు, అంతే.

అయినా దానియేలు కాళ్లను ఎవరూ ఆపలేకపోయారు. నూరు గజాల పరుగులో ఒంటరిగా గెలిచి కొలంబో వెళ్లాడు. లంకవాళ్లతో పోటీపడి రెండో స్థానం తెచ్చాడు. రిలేలో మాత్రం అతన్ని గట్టు మీద కూర్చోబెట్టారు. జారుడు చెయ్యి అన్న పేరు అతనికంటే ముందే ఓడ దిగింది. వెంకట్రాజం రిలేలో పరుగెత్తుతుంటే దానియేలు అక్కడ కూర్చుని చూశాడు. ఆ పూటే మనసులో ఒకటి ఖాయం చేసుకున్నాడు.

1947లో రంగూన్ పోటీలకు మళ్లీ సుబేదారిలోనే ఎంపిక పెట్టారు. వెంకట్రాజానికి ముప్పై ఒకటి దాటింది. ఈసారి తప్పితే మళ్లీ లేదని అందరికీ తెలుసు, అందరికంటే అతనికే బాగా తెలుసు. అందుకే చివరి పరుగు తనకే కావాలని పట్టుబట్టాడు. దానియేలుకు మూడోది వచ్చింది.

రిలేలో కర్ర అందుకునేవాడు వెనక్కి చూడడు. తన వెనక కొన్ని అడుగులు కొలిచి నేలమీద గీత గీసుకుంటాడు. వచ్చేవాడు ఆ గీత దాటగానే కళ్లు మూసుకున్నట్టు ముందుకు దూకాలి. వచ్చేవాడి వేగం ఎక్కువైతే గీత దూరంగా, తక్కువైతే దగ్గరగా. దానియేలు వేగానికి ఇరవై నాలుగు అడుగులు కావాలి.

సాధన మొదలైన మూడో రోజే దానియేలు తొడకు గుడ్డ చుట్టుకొచ్చాడు. కండ పట్టేసిందన్నాడు. నెల రోజులు ముప్పావు వేగంతోనే పరుగెత్తాడు. ఒగర్చాడు, కుంటుతూ నడిచాడు. వెంకట్రాజం గీతను ఇరవైకి, ఆ తరువాత పద్దెనిమిదికి, చివరకు పదహారుకు జరుపుకున్నాడు.

జట్టుకు సాధన చేయించే డ్రిల్ మాస్టర్ సత్యనారాయణ విసిగిపోయి దానియేలును తీసేస్తానన్నాడు. తీసేస్తే దానియేలు పథకమంతా పోయేదే. అడ్డుపడింది వెంకట్రాజమే.

“ఉండనీయండి సార్. ఓడితె వాడి పేరే చెప్దం.”

అది విన్నాక దానియేలుకు మిగిలిన కాస్త జాలి కూడా పోయింది.

ఇంట్లో తల్లి దీనమ్మ ఆ గుడ్డ కింద తొడ తడిమి చూసింది. వాపు లేదు, నొప్పి లేదు. కొడుకు ముఖం చూసి అంతా గ్రహించింది. పగ సంగతి దేవునికి వదిలెయ్యమంది.

“దేవునికి ఇంక చానా పనులున్నయమ్మా,” అన్నాడు దానియేలు.

ఎంపిక రోజు పొద్దున వెంకట్రాజం తన అడుగులతో తనే కొలుచుకున్నాడు. పదహారు. ఇటుక ముక్కతో గీత గీశాడు. మూడో మలుపు దగ్గర దానియేలు తొడ గుడ్డ విప్పి గడ్డిలో పారేశాడు.

తుపాకి పేలింది. మొదటివాడు బాగా పరుగెత్తాడు. రెండోవాడు కట్టయ్య, పొలం పనిలో రాటుదేలిన కుర్రవాడు, మూడు గజాల ఆధిక్యంతో వచ్చి దానియేలు చేతిలో కర్ర పెట్టాడు.

దానియేలు రెండేళ్ల కోపాన్ని కాళ్లలోకి వదిలాడు. మలుపు తిరిగేసరికి వెంకట్రాజం వీపు కనిపించింది. గీత దాటాడు. వెంకట్రాజం దూకాడు. కానీ అతను రెండో అడుగు వేసేసరికే దానియేలు ఊపిరి అతని మెడకు తగిలింది.

“పట్టు,” అని అరిచాడు దానియేలు.

చెయ్యి ఇంకా వెనక్కి రానే లేదు. వెంకట్రాజం కంగారుగా చెయ్యి చాచాడు. దానియేలు కర్రను ఆ అరచేతిలో నొక్కిపెట్టాడు. అయినా తడబాటులో వెంకట్రాజం వెనక్కి తిరిగి చూశాడు. చూస్తే చెయ్యి మెలిపడుతుంది. మెలిపడింది. కర్ర నేలమీద మూడుసార్లు ఎగిరి పక్క జట్టు పరుగెత్తే గాడిలోకి దొర్లిపోయింది. నాలుగు జట్లు వాళ్లను దాటుకుపోయాయి.

ఎంపిక చేసేవాళ్లు పరుగున వచ్చారు. వెంకట్రాజం రొప్పుతూ దానియేలు మీదికి వేలు చూపించాడు.

“వీడు గిట్ల ఎన్నడు ఉర్కలే సార్. నెల దినాలు కుంటిండు. మోసం చేసిండు.”

ఎక్కువ వేగంగా పరుగెత్తడం మోసం ఎలా అవుతుందని వాళ్లలో పెద్దాయన అడిగాడు. ఆ గీత ఎవరు కొలిచారని కూడా అడిగాడు. వెంకట్రాజం చూపు తను ఇటుక ముక్కతో గీసిన గీత మీదికి పోయింది. అప్పుడు దానియేలు చేతులు దులుపుకుని నెమ్మదిగా అన్నాడు.

“నేనిచ్చిన. అన్ననే పట్టలే.”

దూరంగా కట్టయ్య మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. అతని పరుగు కూడా మట్టిలో కలిసింది. దానియేలు అటు ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. సాయంత్రం నూరు గజాల్లో అతను గెలిచాడు. రంగూన్ జాబితాలో అతని పేరు ఎక్కింది, వెంకట్రాజం పేరు లేదు.

రంగూన్ ప్రయాణానికి నాలుగు రోజుల ముందు దానియేలు ఆఖరి డ్యూటీ. కాజీపేట వైపునుంచి గూడ్సు వస్తోంది. ఇంజన్ మీద వెంకట్రాజం. దానియేలు ఎప్పటిలాగే రింగు ఎత్తి, కదలకుండా నిలబడ్డాడు. రెండేళ్లలో మొదటిసారి వెంకట్రాజం రింగును కాకుండా దానియేలు ముఖాన్ని చూశాడు. మోచెయ్యి గాలిలోకి పోయింది. రింగు దానియేలు చేతిలోనే ఉండిపోయింది.

బ్రేకులు కీచుమన్నాయి. బండి ఫర్లాంగు దూరం పోయి ఆగింది. డ్రైవరు తిట్ల మధ్య వెంకట్రాజం కంకరరాళ్ల మీద నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. పోర్టర్లు, గార్డు, టీ అమ్మేవాడు అందరూ చూస్తున్నారు.

దానియేలు ఎదురు నడవలేదు. అతను దగ్గరికొచ్చాక రింగును రెండు చేతులా పట్టి అందించాడు.

“జర గట్టిగ పట్టుకో, అన్నా.”